చేతిపాఠం

ఆ ప్రశ్న వస్తుందని హెప్సిబాకు ముందే తెలుసు. చిలకలపూడి నుంచి ఆసుపత్రికి ఆటోలో వచ్చినంతసేపూ దాని జవాబే నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది.

“ఇన్నేళ్లలో మీ చేతులకు బాగా అలవాటైన పని, పోగొట్టుకోకూడనిది, ఏదన్నా ఉందా అండీ?” అని అడిగింది డాక్టర్ నౌషీన్.

“ఏమీ లేదండీ. ఇంట్లో ఖాళీగానే ఉన్నాను.”

హెప్సిబా ఆదివారం చర్చి మానని మనిషి. వయసు అడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. అలాంటి మనిషి అంత పెద్ద అబద్ధం తడుముకోకుండా ఆడేసింది. విచిత్రమేమిటంటే అది అబద్ధమని ఆమెకే తెలియదు. మన ఆడవాళ్లు ఆ మాటను అబద్ధం కింద జమకట్టరు, మర్యాద కింద జమకడతారు. పైగా ఆడపడుచు నుంచి పాత స్నేహితురాళ్ల దాకా అందరూ ఒకటే నూరిపోశారు. పిల్ల సంగతి ఎత్తావంటే ఉద్యోగం రాదే, ఎప్పుడూ సెలవులడిగే రకమనుకుంటారు, నోరు మూసుకుని పని చూసుకో అని. హెప్సిబా నోరు మూసుకుంది.

“బాగా ఆలోచించుకోండి,” అంది నౌషీన్. ముప్పై దాటీ దాటని పిల్ల. వేళ్లకు జిగురు అంటి ఉండడంతో తల మీద జారుతున్న చున్నీని మోచేత్తో సర్దుకుంటోంది. “చెయ్యి కూడా ఇల్లు లాంటిదేనండీ, దాంట్లో చోటు కొంతే ఉంటుంది. కొత్త సామాను దించాలంటే పాతది జరపాలి. ఉంచాల్సిన పనేదో ముందే ఈ తొడుగేసుకుని చేసి చూపించారనుకోండి, యంత్రం దాన్ని గుర్తుపెట్టుకుని దాని జోలికి పోదు. చూపించని చోటంతా బీడే అనుకుంటుంది.”

కూతురు కెజియా ముఖం ఒక్కసారి హెప్సిబా కళ్ల ముందు మెదిలింది. అయినా పిల్లకు అన్నం పెట్టడం కూడా ఒక పనేనా? అది పోగొట్టుకునే విషయమా?

“ఏముంటుందండీ, అంట్లు తోమడం, బట్టలు ఉతకడం. పోతే పీడా పోయింది,” అని నవ్వింది.

నౌషీన్ కూడా నవ్వి తొడుగు ఎక్కించింది. వేళ్ల కొసల నుంచి మోచేతి పైదాకా పాకే ఉల్లిపొర లాంటి తొడుగు. లోపల వెంట్రుక కంటే సన్నని తీగలు.

చదువుకుని, పని నేర్చుకుని, పెళ్లిళ్లని, పిల్లలని, మంచాన పడ్డ పెద్దవాళ్లని ఇళ్లలో ఉండిపోయిన నర్సులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆసుపత్రుల్లో చూస్తే వార్డుకో నర్సు కూడా సరిగ్గా లేదు. వీళ్లను వెనక్కి పిలిచి మళ్లీ మొదటి నుంచి నేర్పాలంటే ఏళ్లు పట్టేది. తొడుగు ఆ పని వారాల్లో చేస్తుంది. చెయ్యి తిరిగిన సీనియర్ నర్సులు పనిచేస్తున్నప్పుడు వాళ్ల నరాల్లో నడిచే కదలికలన్నీ పట్టి దాచారు. ఇప్పుడు వాటిని ఇంకొకరి చేతుల్లోకి పంపుతారు. దానికి నౌషీన్ పెట్టిన పేరు చేతిపాఠం.

బల్ల మీద రబ్బరు చెయ్యి ఉంది. నౌషీన్ ఏదో మీట నొక్కింది. హెప్సిబా వేళ్లు వాటంతట అవే లేచి రబ్బరు చెయ్యి మీద వాలాయి. చిన్నప్పుడు పలక మీద చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినట్టుంది. వేలు నరం వెతికింది, దొరికింది. సూది గుచ్చబోయే ముందు మాత్రం చెయ్యి ఎందుకో ఆగి, మణికట్టు మీద వేళ్ల వెనకవైపుతో మెల్లగా రాసింది, భయపడకు అన్నట్టు.

హెప్సిబాకు ఒళ్లు జలదరించింది.

“ఇది సుగుణమణి సిస్టర్ చెయ్యి!”

“మీకెలా తెలుసు?” అంది నౌషీన్ ఆశ్చర్యంగా.

“నాకు పని నేర్పిందే ఆవిడండీ. పొడిచే ముందు ఇట్లా రాయడం ఆవిడకొక్కత్తికే అలవాటు. ఎక్కడున్నారిప్పుడు?”

“పోయారండీ. రిటైరయ్యే ముందు ఏడాది మాకు చేతులిచ్చారు. అందరికంటే ఎక్కువ నేర్చుకోవాల్సింది ఆవిడ దగ్గరే దొరికింది.”

హెప్సిబా తన చేతుల వంక చూసుకుంది. కళ్లు తడిసిపోయాయి. పోయిన మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టనిపించింది.

*

ఇంటికి వచ్చేసరికి భర్త దానియేలు ముందు గదిలో గాజులకు మెరుగు పెడుతున్నాడు. చిలకలపూడిలో సగం ఇళ్లలో ఉన్నట్టే వాళ్లింట్లోనూ రోల్డుగోల్డు పని. పక్కనే చక్రాల కుర్చీలో కెజియా, గాజుల మీద ఎండ పడి గోడ మీద మెరుస్తుంటే ఆ మెరుపులు చూసుకుంటూ కూర్చుంది. తల్లిని చూడగానే ఒళ్లంతా కదిలేలా నవ్వింది. ఆ పిల్ల నవ్వితే కుర్చీ కూడా నవ్వుతుంది, బోల్టులన్నీ కిటకిటలాడుతూ.

కెజియా పుట్టినప్పుడు ఏడవలేదు. ఎంతోసేపటికి గానీ ఊపిరి అందుకోలేదు. ఆ కాసేపట్లో జరిగిన నష్టం జీవితమంతా ఉండిపోయింది. నడక లేదు, మాట లేదు. ఎడమ చెయ్యి మాత్రం గుప్పిటగా కదులుతుంది. మింగడం కష్టం, మెతుకు అటూ ఇటూ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నెలల పిల్లగా ఉన్నప్పుడే, ఇద్దరు డాక్టర్లు పొట్టకు గొట్టం వేసేద్దామన్నారు. హెప్సిబా ఉద్యోగం మానేసి, గొట్టం సంగతి తరవాత చూద్దాం, ముందు నన్నో ప్రయత్నం చేయనివ్వండి అంది.

ఆ ప్రయత్నమే ఇంత పిల్లను చేసింది. ఎదురుగా కూర్చుని ఎడమ చేతి బొటనవేలు గడ్డం కింద ఆనించాలి. ఉంగరం వేలు గొంతు పక్కన ఉండాలి. ముద్ద నాలుక మధ్యలో కాదు, కొంచెం కుడికి పెట్టాలి. తరవాత ఆగాలి. ఎంతసేపు అంటే చెప్పలేం. వేలి కింద ఏదో చిన్నగా వణుకుతుంది, అప్పుడు గొంతును పైనుంచి కిందికి ఒక్కసారి నిమరాలి, గుటక పడుతుంది. హెప్సిబాను ఎవరన్నా ఇదెలా చేస్తావని అడిగి ఉంటే ఇంత కూడా చెప్పేది కాదు. అన్నం పెడతానండీ, అనేది.

అంత కష్టపడి తినేదానికి పిల్లకు మళ్లీ జమీందారు దర్జా. చప్పిడి పెడితే ఉమ్మేస్తుంది. ముద్దపప్పులో ఆవకాయ ఊట చుక్క పడాల్సిందే. మామిడిపండు గుజ్జు నాలుకకు తగిలితే కళ్లు మూసుకుంటుంది. దానియేలు కూడా మధ్యాహ్నం పూట గంజి పట్టిస్తాడు, కానీ సగం గౌను మీదికే పోతుంది. రుచులన్నీ అమ్మ చేతి మీదుగానే.

“ఏంటి, చెయ్యి బరువెక్కిందా?” అన్నాడు దానియేలు.

“మా సుగుణమణి సిస్టర్ చేతులండీ! ఏమనుకున్నారు!” అని హెప్సిబా జరిగిందంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. ఇల్లు గడవదని కాదు ఆమె మళ్లీ పనికి పోవాలనుకున్నది. ఆమెకు ఆ పనంటే ఇష్టం. పిల్ల ఇప్పుడు పొద్దుటి పూట ప్రత్యేక బడికి పోతోంది, ఆయన ఇంటిపట్టునే ఉంటాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని ఆమెకు తెలుసు. తెలిశాక పట్టుబట్టింది.

తరవాతి వారాలన్నీ ఇంట్లో నవ్వులే. సుగుణమణి చేతులు ఇంటికి కూడా వచ్చేశాయి మరి. దుప్పటి పరిస్తే నాలుగు మూలలూ కాగితం మడిచినట్టు లోపలికి దూరేవి. టీ గ్లాసు అందుకోగానే గోటితో రెండు దెబ్బలు కొట్టేది, సెలైన్ గొట్టంలో గాలిబుడగ చూసినట్టు.

“టీలో బుడగలేం లేవులేమ్మా సిస్టరూ, తాగు,” అనేవాడు దానియేలు.

*

వార్డులో మొదటి విజయం గిలకలదిండి నుంచి వచ్చిన ఓ పెద్దాయన మీద దక్కింది. సముద్రం మీద ఎండి ఎండి ఆయన చెయ్యి మోకులాగా అయింది. నరం దొరక్క కుర్ర నర్సు చెమటలు కక్కుతోంది.

హెప్సిబా పక్కన కూర్చుంది. వేళ్లు వాలాయి, మణికట్టును రాశాయి, నరాన్ని పట్టాయి. సూదిలోకి ఎర్రగా చుక్క వచ్చేదాకా పెద్దాయనకు తెలియనే లేదు.

“ఏమ్మా, కొత్తగా వచ్చావా?”

“పాతే తాతా. మళ్లీ కొత్త.”

“చెయ్యి మంచిది నీది.”

ఆ రోజు ఆమె గాలిలో తేలుతూ ఇంటికొచ్చింది. మొదటి విడత అయిపోవచ్చింది. ఇక రెండో విడత, ఆపైన పరీక్ష, ఆపైన ఉద్యోగం. దారిలో రసాలు తీసుకుంది. సాయంత్రం పప్పన్నం కలిపి, పక్కన మామిడి గుజ్జు పెట్టుకుని కెజియా ముందు కూర్చుంది.

మొదటి ముద్ద పెట్టింది. వేలు గడ్డం కిందికి పోయింది గానీ, చెయ్యి ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఆమెకు తెలియదు. గొంతు నిమరాల్సిన వేలు పెదవి అంచు తుడిచేసింది, కుడి చెయ్యి అప్పటికే రెండో ముద్ద అందుకుంది. కెజియా కళ్లు పెద్దవయ్యాయి. దగ్గు రాలేదు, శబ్దం లేదు. పెదవులు నీలంగా మారిపోతున్నాయి.

“హెప్సీ!” అని అరిచాడు దానియేలు.

ఆ కేకకంటే ముందే ఆమె చేతులు కదిలాయి. పిల్లను కుర్చీలోంచి లాగి, ముంజేతి మీదికి బోర్లా వంచి, భుజాల మధ్య అరచేత్తో కొట్టాయి. నాలుగో దెబ్బకు ముద్ద బయటపడింది. కెజియా గుండెలు పగిలేలా ఏడ్చింది.

“నీ చేతులే కాపాడాయి,” అన్నాడు దానియేలు.

పిల్లను కాపాడినవీ, పిల్ల గొంతులో ముద్ద ఇరికించినవీ ఒకే చేతులని హెప్సిబాకు అప్పటికే అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున జావతో ప్రయత్నిస్తే మళ్లీ పొరపోయింది. ఆ సాయంత్రం వేలు గొంతు మీద పెట్టి, కళ్లు మూసుకుని, ఆ చిన్న వణుకు కోసం వెతికింది. వేలి కింద చర్మం తప్ప ఏమీ లేదు. ఇంట్లో చీకట్లో కూడా తడమకుండా దొరికే స్విచ్చు గోడ మీది నుంచి మాయమైనట్టుంది. మూడో రోజు జరిగింది అంతకంటే బాధపెట్టింది. చెయ్యి దగ్గరికి రాగానే కెజియా మొహం పక్కకి తిప్పేసుకుంది. ఆ పిల్ల తండ్రి గంజికి నోరు తెరిచింది, తల్లికి తెరవలేదు.

*

“ఆవిడకు నలభై మంచాలండీ,” అంది నౌషీన్ తల దించుకుని. యంత్రం ముందు చాలాసేపు కూర్చుని అన్నీ చూసింది. “సుగుణమణి గారు పక్షవాతం వచ్చిన వాళ్లకు కూడా అన్నం పెట్టేవారు. జాగ్రత్తగానే పెట్టేవారు. కానీ పక్క మంచం వాళ్లు పిలుస్తుంటారు కదా, ఆ చెయ్యి ఎక్కువసేపు ఆగదు. విడత ఆఖర్న అన్నం పెట్టడమనే పని వచ్చింది, దాన్ని ఎక్కించడానికి యంత్రం చోటు వెతికింది. మీరు ఏమీ లేదన్నారు. బీడనుకుంది.”

“వెనక్కి తేలేరా?”

“ఎక్కించింది తీయగలనేమో. చెరిగిపోయింది తేలేనండీ. అది ఎలా ఉండేదో మా దగ్గర లేదు. మీరు చూపించలేదు కదా.” ఆ మాట అనేసి నౌషీన్ నాలుక కరుచుకుంది. “క్షమించండి. తప్పు మీది కాదు.”

“నాదే!” అంది హెప్సిబా. “మీరు అడిగారు. రెండుసార్లు అడిగారు. నేనే ఖాళీగా ఉన్నానన్నాను. ఇన్నేళ్లు నా పిల్ల గొంతు మీద వేలు పెట్టుకుని బతికి, ఖాళీగా ఉన్నానని చెప్పాను. ఎవరు నేర్పారండీ ఈ మాట నాకు? పుట్టిన దగ్గర్నుంచీ అందరూ నేర్పారు. నేనూ నేర్చేసుకున్నాను బుద్ధిగా!”

కోపంతో ఆమె చేతులు బల్లను పట్టుకున్నాయి. ఆ కోపంలోనూ గోరు బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది. అది చూసి ఆమెకే అసహ్యం వేసింది. మరుక్షణం, పాపం ఆవిడేం చేసిందని సుగుణమణి మీద జాలి కూడా వేసింది.

నౌషీన్ కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది. “మా అమ్మ మా దాదీని, అంటే మా నాన్నమ్మని, ఎన్నో ఏళ్లు మంచం మీదే చూసుకుంది. ఇప్పుడడిగితే మా అమ్మా ఇదే చెబుతుంది, ఖాళీగా ఉన్నానని. ఇది ముందే నాకు తట్టి ఉండాల్సింది. నేనెలా అడగాలంటారు?”

హెప్సిబా ముక్కు తుడుచుకుంది.

“పని అని అడిగితే మేం లేదనే అంటాం. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవర్ని ముట్టుకుంటారో అడగండి. అప్పుడు చెబుతాం.”

నౌషీన్ తలూపింది. ఆ తరవాత చెప్పాల్సినవి చెప్పింది. రెండో విడత చేయించుకోకపోతే పరీక్ష లేదు, ఉద్యోగం లేదు. కావాలంటే వచ్చే నెలాఖరు దాకా వాయిదా వేయగలదు, అంతకు మించి తన చేతిలో లేదు. రెండో విడతలో చోటు ఇంకొంచెం పోతుంది. పిల్ల విషయంలో అప్పటికి చూపించడానికేమీ లేకపోతే, ఆ కాస్త ఆశా ఉండదు.

పిల్లల డాక్టరు ఇంకొంచెం సూటిగా చెప్పాడు. బరువు తగ్గుతోంది, గంజితో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు, గొట్టం వేయించండి. హెప్సిబా అలాంటి గొట్టాలు ఎన్నో శుభ్రం చేసింది, వాటితో ఎందరో హాయిగా బతకడం చూసింది. గొట్టమంటే ఆమెకు భయమూ లేదు, చిన్నచూపూ లేదు. కానీ ఆవకాయ ఊట గొట్టంలో పోస్తే పిల్లకు ఏం తెలుస్తుంది? కెజియాకు ఉన్న కొద్ది సుఖాల్లో నాలుక ఒకటి. దాన్ని తన జవాబొకటి తినేయడం ఆమె ఒప్పుకోలేకపోయింది.

“మానేస్తానండీ,” అంది ఇంటికొచ్చి భర్తతో. “ఉద్యోగం వద్దు, ఏం వద్దు.”

దానియేలు చేతిలోని గాజు కింద పెట్టాడు. “మానేస్తే పోయింది తిరిగొస్తుందంటా?”

“రాదంట.”

“మరి మానడం ఎందుకు? రెండూ పోగొట్టుకోడానికా?” ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం ఇలాగే ఉంటుంది. “మొదటిసారి నీకెవరు నేర్పారు ఇది?”

“ఎవరూ నేర్పలేదు.”

“ఎవరో నేర్పే ఉంటారు హెప్సీ. నాకు మెరుగు పెట్టడం మా నాన్న నేర్పాడనుకునేవాణ్ణి. ఆయన ఊరికే పక్కన కూర్చునేవాడు. ఎంత నొక్కాలో చెప్పింది గాజే.”

హెప్సిబా కుర్చీలో ఉన్న కూతురి వంక చూసింది. కెజియా కూడా చూస్తోంది, ఇంకా అలక తీరని కళ్లతో.

*

మళ్లీ మొదలుపెట్టడం అనుకున్నంత సులువేం కాదు. వేళ్లు ఎక్కడుండేవో దానియేలు గుర్తు చేయబోయాడు. ఇక్కడ కాదు అక్కడ, అక్కడ కాదు ఇక్కడ అంటూ చివరికి తనకేం తెలియదని ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని చూసింది పిల్ల మొహాన్నే గానీ భార్య వేళ్లను కాదట.

మొదట కొన్ని రోజులు హెప్సిబా అన్నం జోలికి పోనే లేదు. కూతురి ఎదురుగా కూర్చుని వేలు గొంతు పక్కన ఆనించి ఊరికే ఉండేది. పిల్ల ఉమ్మి మింగుతుంటే, నవ్వుతుంటే, దానియేలు గంజి పట్టిస్తుంటే వేలి కింద ఏం జరుగుతుందో వినేది. ఆమెకు అన్నిటికంటే కష్టమైంది చేతిని ఊరికే ఉంచడం. సుగుణమణి చెయ్యి తినిపించు, తుడువు, లేచి పక్క మంచానికి పద అని తరుముతూనే ఉండేది. “సిస్టర్, ఇక్కడ ఒకటే మంచం,” అని హెప్సిబా లోపల్లోపల బతిమాలుకునేది. కొన్నిసార్లు ఏడుపొచ్చేది. కళ్లు తుడుచుకుని మళ్లీ వేలు పెట్టేది.

మొహం తిప్పుకోవడం మానడానికి కెజియాకు వారం పట్టింది. ఆ తరవాత తేనె చుక్కతో మొదలుపెట్టారు. పొరపోయింది. పక్కకు జరిపి పెట్టారు. పొరపోలేదు గానీ బయటికి వచ్చేసింది. డాక్టరు తూచిన ప్రతిసారీ బరువు ఇంకొంచెం తగ్గింది. కిందటి ఏడు కుట్టిన గౌను భుజాల మీంచి జారిపోతోంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక హెప్సిబా పప్పన్నాన్ని మెత్తగా పిసికి, ఆవకాయ ఊట చుక్క వేసింది. వాసనకు కెజియా ముక్కు ఎగబీల్చింది. ముద్ద వేలి కొసంత. నాలుకకు కుడివైపు పెట్టి హెప్సిబా చెయ్యి ఆపింది. బొటనవేలు గడ్డం కింద ఉంది, ఉంగరం వేలు గొంతు పక్కన ఉంది. ఏమీ లేదు. చెయ్యి తొందరపడబోయింది.

అప్పుడు కెజియా ఎడమ గుప్పిట లేచింది. అది ఎటు పోవాలనుకున్నా ఇంకెటో పోయే చెయ్యి. ముందు తల్లి చెవికి తగిలింది, తరవాత మెడకు, ఆఖరికి తల్లి మణికట్టు మీద వాలింది. వాలి, నెట్టింది. కిందికి, ఇంకొంచెం కిందికి. హెప్సిబా వేలు అది నెట్టిన చోటికి జారింది. పాత చోటు కాదది. ఈమధ్య పిల్ల పొడుగు సాగింది, మెడ సాగింది, చోటు మారింది. పాత అలవాటుతో ఆ తేడా ఇద్దరికీ తెలియకుండా గడిచిపోతూ వచ్చిందేమో.

గుప్పిట అక్కడే ఉంది, నొక్కిపెట్టి. ఆగమంటోంది.

హెప్సిబా ఆగింది. దానియేలు ఊపిరి బిగబట్టాడు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. వేలి కింద చిన్నగా, చాలా చిన్నగా వణికింది. గుప్పిట వదిలింది. హెప్సిబా గొంతు నిమిరింది.

గుటక పడింది.

కెజియా ఒక్క క్షణం తనలో తాను ఏదో వింటున్నట్టు ఉండి, నోరు తెరిచి ఇంకో ముద్ద కోసం మొహం ముందుకు చాపింది. కుర్చీ బోల్టులు కిటకిటలాడాయి. దానియేలు లేచి పెరట్లోకి పోయాడు, ఏడుస్తుంటే చూడకూడదని.

పాతది తిరిగి రాలేదు. ఇది వేరే. అప్పుడంతా అమ్మ చేసేది, పిల్ల తినేది. ఇప్పుడు ఇద్దరూ చేస్తున్నారు. ముద్దకు మునుపటి కంటే రెట్టింపు సేపు పడుతోంది. నెలాఖరుకు డాక్టరు తూకం చూసి, గొట్టం మాట ఇప్పటికి వద్దులే అన్నాడు.

*

రెండో విడత రోజున నౌషీన్ గది బయట బెంచీ మీద ఆడవాళ్లు నిండిపోయారు. అందరూ ఎప్పుడో పని మానేసి మళ్లీ రావాలనుకుంటున్న నర్సులే. లోపలికి వెళ్లినావిడ ఎంతకీ బయటికి రావడం లేదు.

“ఇదివరకు రెండు నిమిషాల్లో అయిపోయేదంట కదండీ ఈ ప్రశ్నల తంతు,” అని విసుక్కుంది పక్కావిడ. “ఏం చెబుతుందో అంతసేపు?”

“మీ వంతు వచ్చాక తెలుస్తుందిలెండి,” అంది హెప్సిబా. ఆమె పక్కన చక్రాల కుర్చీలో కెజియా, ఒళ్లో స్టీలు టిఫిను డబ్బా. డబ్బా మూత సందులోంచి ఆవకాయ వాసన బెంచీ అంతా వ్యాపించింది.

లోపలికెళ్లిన ఆవిడ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. హెప్సిబా కుర్చీ నెట్టుకుంటూ లోపలికి పోయింది. కెజియాను చూసి నౌషీన్ లేచి నిలబడింది. డబ్బాను చూసి సంగతి అర్థమైంది. ఏమీ మాట్లాడకుండా తొడుగు తెచ్చి హెప్సిబా చేతులకు ఎక్కించింది. గుర్తుపెట్టుకునే మీట నొక్కింది. ఆ తరవాత కొత్త ప్రశ్న అడిగింది.

“పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ చేతులు ఎవర్ని ముట్టుకుంటాయండీ?”

హెప్సిబా టిఫిను డబ్బా మూత తీసింది. చిన్న ముద్ద కలిపింది. కెజియా ఎడమ గుప్పిట అప్పటికే గాల్లోకి లేచి, తల్లి మణికట్టు కోసం వెతుక్కుంటోంది.

“కూర్చోండి డాక్టరమ్మా,” అంది హెప్సిబా. “చాలాసేపు పడుతుంది.”